పిల్లల మానసిక పరీక్షలు: రిపోర్టులోని అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు

క్లుప్తంగా

ఏ ఒక్క టెస్టూ బిడ్డ సమస్యను తనంతట తాను తేల్చలేదు. స్కోరు అంటే అదే వయసు పిల్లలతో పోలిక. ఆ పోలికలో కాస్త అటూ ఇటూ ఎప్పుడూ ఉంటుంది. ఎదుగుదల చరిత్ర, ఇంట్లోవాళ్ల మాట, టీచర్ల మాట, నేరుగా గమనించిన ప్రవర్తన, టెస్టు ఫలితాలు అన్నీ ఒకే వైపు చూపినప్పుడే నిర్ధారణకు బలం వస్తుంది. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందే స్పష్టంగా ఉంటే రిపోర్టు ఎక్కువ పనికొస్తుంది.

## తికమక ఎక్కడ మొదలవుతుంది

బిడ్డ చదువులో వెనకబడుతోందనో, ఎవరితోనూ కలవడం లేదనో, ఒక్క నిమిషం కుదురుగా కూర్చోవడం లేదనో స్కూలు నుంచి కబురు వస్తే చాలా కుటుంబాలు సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తాయి. వెళ్లేటప్పుడు వాళ్లకు కావాల్సింది ఒకే మాట: సమస్య ఉందా, లేదా? తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఉండేది పేజీలకు పేజీల రిపోర్టు, దాని నిండా అంకెలు, "సగటు కంటే కొంచెం తక్కువ" లాంటి మాటలు. స్పష్టత కోసం వెళ్లి ఇంకా పెద్ద టెన్షన్‌తో ఇంటికి రావడం అరుదేమీ కాదు. పరీక్ష ఎలా పనిచేస్తుందో ముందే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఆ టెన్షన్‌లో చాలా భాగం ఉండేది కాదు.

బయటికి కనిపించే ప్రవర్తన ఒకటే అయినా లోపలి కారణాలు అనేకం కావడమే అసలు చిక్కు. "క్లాసులో ధ్యాస పెట్టడు" అన్న ఒక్క ఫిర్యాదునే తీసుకుందాం. అది ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకు, తొందరపాటు లక్షణాలుగా ఉండే సమస్య) కావచ్చు. రాత్రిళ్లు గురకతో ఊపిరి అడ్డుపడి నిద్ర చాలకపోవడం కావచ్చు. ఒక చెవి సరిగా వినపడకపోవచ్చు. కొన్ని సెకన్ల పాటు చూపు నిలిచిపోయే ఒక రకం మూర్ఛ కూడా కావచ్చు, చూసేవాళ్లకు అది పరధ్యానంలాగే ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమైన బిడ్డకు పుస్తకం మీద ధ్యాస నిలవదు. ఇంట్లో భయంతో బతికే బిడ్డ మనసు బడిలో ఉండదు. పాఠం మరీ తేలికైపోయినా ఇదే జరుగుతుంది.

ఈ కారణాల్లో ఒక్కోదానికి చేయాల్సిన సాయం ఒక్కో రకం. వాటిని ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీయడమే మానసిక మదింపు పని. అందుకే జాగ్రత్తగా పనిచేసే సైకాలజిస్ట్, టెస్టులు మొదలుపెట్టకముందే చూపు, వినికిడి చూపించారా, నిద్ర ఎలా ఉంది అని అడుగుతారు. ఈ మెట్టు దాటేసి నేరుగా ఐక్యూ టెస్టుకు, అంటే తెలివిని కొలిచే పరీక్షకు, కూర్చోబెడితే, సరిగా వినపడని బిడ్డకు తెలివి తక్కువ అని రాసిచ్చే ప్రమాదం ఉంది.

## మొదట ఇవి ఎందుకు పుట్టాయి

1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ కలిసి తయారు చేసిన ప్రశ్నల వరుసను ఆధునిక తెలివి పరీక్షలకు మూలంగా చెబుతారు. మామూలు తరగతిలో నెగ్గుకు రాలేని పిల్లలను గుర్తించి, వాళ్లకు వేరుగా సాయం అందించడం దాని ఉద్దేశం. టీచర్ల ఇష్టాయిష్టాల మీద పిల్లల భవిష్యత్తు ఆధారపడకూడదన్న ఆలోచన దాని వెనక ఉంది. తెలివి పుట్టుకతోనే స్థిరమైపోతుందనీ, ఎంత సాధన చేసినా పెరగదనీ బినే ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత కథ వేరే దారి పట్టింది. 1912లో జర్మన్ సైకాలజిస్ట్ విలియం స్టెర్న్ మానసిక వయసును, అంటే బిడ్డ జవాబులు ఏ వయసు పిల్లల స్థాయిలో ఉన్నాయో దాన్ని, అసలు వయసుతో భాగించే పద్ధతి ప్రతిపాదించాడు. ఐక్యూ అన్న మాట దాన్నుంచే వచ్చింది. 1916లో అమెరికాలో లూయిస్ టర్మన్ బినే పరీక్షను స్టాన్‌ఫర్డ్–బినేగా మార్చాడు. సాయం అవసరమైన బిడ్డను వెతకడానికి పుట్టిన సాధనం కొన్ని దశాబ్దాల పాటు మనుషులను ఎక్కువ తక్కువలుగా వరుసలో నిలబెట్టడానికి, "బుద్ధి తక్కువవాళ్లు" అని ముద్ర వేసి వెలివేయడానికి కూడా వాడుకలోకి వచ్చింది. ఐక్యూ అన్న మాట వినగానే చాలామందిలో కలిగే భయానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం. ఆ భయం అర్థం లేనిది కాదు.

ఇప్పుడు పిల్లలకు ఎక్కువగా వాడే పరీక్షల్లో అమెరికన్ సైకాలజిస్ట్ డేవిడ్ వెక్స్లర్ 1949లో తెచ్చిన 'విస్క్' ముఖ్యమైనది. దాని 5వ కూర్పు 2014లో వచ్చింది. 6 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం ఉద్దేశించిన ఈ పరీక్షలో మాటల అవగాహన, చూసి అమర్చే నేర్పు, కొత్త సమస్యలో తర్కం, సమాచారాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచడం, పని వేగం అని 5 భాగాలకు విడివిడి స్కోర్లు వస్తాయి. మొత్తం ఐక్యూ ఒక్కటే చూసేవాళ్లకు ఈ 5 అంకెలు పట్టవు. ఎలా నేర్పాలో తెలుసుకోవాలనుకునే టీచర్‌కు మాత్రం ఎక్కువ పనికొచ్చేవి అవే.

## స్కోరు వెనక లెక్క

పరీక్ష తయారు చేసేవాళ్లు ముందుగా వేర్వేరు వయసుల, నేపథ్యాల పిల్లలను పెద్ద సంఖ్యలో ఎంచుకుని, ఒకే పద్ధతిలో ప్రశ్నలు అడిగి, ఏ వయసులో ఎంతమంది ఎన్ని చేయగలిగారో నమోదు చేస్తారు. తర్వాత పరీక్ష రాసే ప్రతి బిడ్డనూ ఆ పట్టికతో పోలుస్తారు. సగటును 100గా పెడతారు. దాని చుట్టూ పిల్లలు ఎంత దూరం విస్తరించి ఉంటారో చెప్పే కొలత 15. అంటే 100 మందిలో సుమారు 68 మంది 85కూ 115కూ మధ్య ఉంటారు, 95 మంది 70కూ 130కూ మధ్య ఉంటారు. కాబట్టి 92 వచ్చిన బిడ్డ పరీక్షలో ఫెయిల్ అయినట్టు కాదు, గుంపు మధ్యలోనే ఉంది.

రిపోర్టుల్లో అందరూ పొరబడే చోటు పర్సంటైల్. "50వ పర్సంటైల్" అని చూసి 100కు 50 మార్కులే వచ్చాయని కంగారు పడేవాళ్లు చాలామంది. ఆ మాటకు అర్థం, అదే వయసు పిల్లలు 100 మందిని వరుసలో నిలబెడితే ఈ బిడ్డ సరిగ్గా మధ్యలో ఉందని. ఐక్యూ 100 అంటే 50వ పర్సంటైల్. 85 అంటే 16వది. అదే 85 కాగితం మీద మంచి మార్కులా కనబడుతుంది, 16 ఘోరంగా కనబడుతుంది. రెండూ చెప్పేది ఒకటే. ఈ రెండు కొలతల తేడా రిపోర్టు మొదటి పేజీలోనే రాసి పెట్టడం ప్రతి సైకాలజిస్ట్ చేయగలిగిన పని, చేయాల్సిన పని.

కొలతలో ఉండే అటూ ఇటూను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అదే బిడ్డకు అదే పరీక్ష ఇంకో రోజు పెడితే స్కోరు కాస్త మారుతుంది. నిద్ర, మూడ్, పరీక్ష పెట్టే వ్యక్తితో కుదిరిన చనువు, అదృష్టవశాత్తు తెలిసిన ఒక ప్రశ్న రావడం, అన్నీ అందులో కలిసిపోతాయి. బాగా తయారైన పరీక్షల్లో మొత్తం ఐక్యూకు ఈ తేడా సుమారు 5 నుంచి 6 పాయింట్లు అటూ ఇటూ ఉంటుంది. 88 అని వస్తే, అసలు స్థాయి 82కూ 94కూ మధ్య ఎక్కడో ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 69 వచ్చిన బిడ్డకు, 71 వచ్చిన బిడ్డకు మధ్య నిజమైన తేడా ఏమీ ఉండకపోవచ్చు. అయినా కొన్ని వ్యవస్థల్లో 70 దగ్గర గీత గీసి, ఇటువైపు సాయం, అటువైపు ఏమీ లేదు అంటారు. ఆ తప్పు పరీక్షది కాదు, ఒక్క అంకెను గేటులా వాడిన విధానానిది.

చిన్న భాగాల్లో ఎక్కువ తక్కువలు కూడా ఇలాగే కంగారు పెడతాయి. పది పన్నెండు చిన్న పరీక్షలు పెడితే, ఏ సమస్యా లేని పిల్లలకు సైతం ఒకటి రెండింట్లో తక్కువ రావడం మామూలే. ఒక్క తక్కువ స్కోరు పట్టుకుని "జ్ఞాపకశక్తి లోపం" అని రాసేస్తే అది నిర్ధారణ కాదు, ఊహ. ఆ తక్కువతనం ఇంకో పరీక్షలోనూ, నోటు పుస్తకంలోనూ, ఇంట్లో పనుల్లోనూ కనబడితేనే దానికి విలువ.

పోలిక పట్టికలు పాతబడిపోతాయన్నది రిపోర్టు చదివే చాలామందికి తెలియని విషయం. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ స్కోర్లు దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయి. పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ పేరుతో దీన్ని ఫ్లిన్ ప్రభావం అంటారు. ఈ మధ్య కొన్ని దేశాల్లో ఆ పెరుగుదల ఆగింది, తిరగబడింది కూడా. పెరుగుదల సాగిన చోట 20 ఏళ్ల నాటి పట్టికతో పోలిస్తే బిడ్డ స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది, అందాల్సిన సాయం అందకుండా పోవచ్చు. ఏ కూర్పు వాడారని అడగడం అనుమానించడం అవుతుందేమో అని మొహమాటపడాల్సిన పని లేదు.

## స్క్రీనింగ్‌లో పేరు రావడం అంటే నిర్ధారణ కాదు

చాలా కుటుంబాల్లో భయం మొదలయ్యేది స్క్రీనింగ్ ఫారంతో, అంటే ఇంకా వివరంగా చూడాల్సిన పిల్లలను ముందుగా ఏరే ప్రశ్నల పత్రంతో. నడక వచ్చిన వయసు పిల్లల్లో ఆటిజం అవకాశాన్ని గుర్తించే ఎం-చాట్ ఇందుకు మంచి ఉదాహరణ. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన దీని సవరించిన రూపంలో తల్లిదండ్రులు 20 ప్రశ్నలకు అవును, కాదు అని జవాబిస్తారు. అనుమానం వస్తే రెండో మెట్టుగా వివరంగా మాట్లాడతారు. 2014లో వెలువడిన అధ్యయనంలో, రెండు మెట్లూ దాటాక కూడా అనుమానం మిగిలిన పిల్లల్లో సుమారు సగం మందికే ఆటిజం అని తేలింది. అయితే వాళ్లలో 10 మందికి 9 మందికి పైగా ఎదుగుదలలో ఏదో ఒక ఆలస్యమో, శ్రద్ధ పెట్టాల్సిన విషయమో ఉంది. స్క్రీనింగ్‌లో పేరు వచ్చిందంటే "ఆటిజం ఉంది" అనుకోవడం తప్పు. "ఏమీ లేదులే, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అని వదిలేయడం కూడా అంతే తప్పు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. ఒక స్క్రీనింగ్ ఫారం సమస్య ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 90 మందిని సరిగా వదిలేస్తుంది అనుకుందాం. వినడానికి చాలా మంచి ఫారం. దాన్ని 1,000 మంది మామూలు పిల్లలకు ఇస్తే, అందులో 50 మందికి నిజంగా సమస్య ఉందనుకుంటే, ఫారం 45 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 95 మందిని పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 140 మంది పేర్లు వస్తాయి, వాళ్లలో నిజంగా సమస్య ఉన్నవాళ్లు మూడో వంతే. అదే ఫారాన్ని అప్పటికే ఇబ్బందులతో క్లినిక్‌కు వచ్చిన 1,000 మందికి ఇచ్చి, వాళ్లలో 400 మందికి సమస్య ఉందనుకుంటే, 420 పేర్లు వస్తాయి, అందులో 360 నిజం. ఫారం మారలేదు. ఎవరికి ఇచ్చారన్నది మారింది, దాంతో జవాబు మీద పెట్టుకోదగిన నమ్మకమూ మారిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికే "మీ బిడ్డకు ఏడీహెచ్‌డీ ఉందా" క్విజ్‌లు అనవసరంగా ఎందుకు భయపెడతాయో ఈ లెక్కే చెబుతుంది.

## ఒక్కో సమస్యకు ఒక్కో దారి

రక్తపరీక్షలో షుగర్ ఇంత అని తేలినట్టు ఆటిజం గానీ ఏడీహెచ్‌డీ గానీ ఒక అంకెలో తేలవు. నిర్ధారణ ప్రమాణాలన్నీ ప్రవర్తన మీద, దాని చరిత్ర మీద ఆధారపడినవి.

ఏడీహెచ్‌డీకి డీఎస్ఎం-5 (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం) ప్రమాణం ప్రకారం, పిల్లల్లో ధ్యాసలోపం జాబితాలోని 9 లక్షణాల్లో కనీసం 6, లేదా అతిచురుకు, తొందరపాటు జాబితాలోని 9లో కనీసం 6 ఉండాలి. అవి కనీసం 6 నెలలుగా సాగుతూ ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి. ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనబడాలి. జీవితానికి అడ్డు పడుతూ ఉండాలి. ఈ చివరి షరతును చాలామంది మర్చిపోతారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బటన్ నొక్కించే ధ్యాస పరీక్షలు కొంత సమాచారం ఇస్తాయి గానీ, ఒక్క వాటితోనే నిర్ధారణ చేయడం సరైన పద్ధతి కాదు. నిశ్శబ్దమైన గదిలో ఒక పెద్ద మనిషి పక్కనే కూర్చుంటే చక్కగా చేసే బిడ్డ, గోల గోలగా ఉండే తరగతిలో చేతులెత్తేయవచ్చు.

ఆటిజం మదింపులో ఎడాస్ అనే పద్ధతి బాగా పేరున్నది. అందులో శిక్షణ పొందిన వ్యక్తి బిడ్డతో ఆడుతూ, మాట్లాడుతూ కొన్ని సందర్భాలను కల్పించి, బిడ్డ ఎలా స్పందిస్తుందో నిర్ణీత పద్ధతిలో నమోదు చేస్తారు. దానికి తోడు పుట్టినప్పటి నుంచి ఎదుగుదల గురించి తల్లిదండ్రులతో వివరంగా మాట్లాడతారు. ఎదుటివాళ్లను చూసి అనుకరిస్తూ తమ ఇబ్బందిని దాచుకోగలిగే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, కాసేపటి పరిశీలనలో దొరక్కపోవచ్చు. బడిలో అంతా బాగానే ఉండి, ఇంటికి రాగానే కుప్పకూలిపోయే బిడ్డ గురించి తల్లి చెప్పే మాటకు ఇక్కడ చాలా విలువ ఉంది.

బుద్ధిమాంద్యం విషయంలో ఆలోచన బాగా మారింది. ఒకప్పుడు ఐక్యూ అంకెను బట్టే తీవ్రతను విభజించేవారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ఆ విభజనను రోజువారీ జీవితంలో బిడ్డ ఎంత చేసుకోగలదు అన్నదాని మీదికి మార్చింది. చదువు, లెక్క లాంటి ఆలోచనా నైపుణ్యాలు, మనుషులతో మెలిగే తీరు, తన పనులు తాను చేసుకోవడం అనే మూడు రంగాలను చూస్తారు. వీటిని కొలవడానికి వైన్‌లాండ్ లాంటి స్కేళ్లు ఉన్నాయి. ఐక్యూ ఒకటే ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు ఒంటరిగా బస్సెక్కి వెళ్లి రాగలరు, ఇంకొకరికి స్నానానికీ సాయం కావాలి. వాళ్ల అవసరాలు ఒకటి కావు కదా.

చదువు సంబంధిత వైకల్యాల్లో, అంటే డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది) లాంటి వాటిలో, జరిగిన మార్పు ఇంకా పెద్దది. చాలా కాలం ఐక్యూకూ చదివే స్థాయికీ మధ్య పెద్ద తేడా ఉంటేనే నిర్ధారణ ఇచ్చేవారు. ఆ పద్ధతిలో రెండు నష్టాలు. ఐక్యూ సగటు కంటే కొంచెం తక్కువ ఉన్న పిల్లలకు తేడా చాలదని సాయం దక్కేది కాదు. తేడా పెద్దదయ్యేదాకా, అంటే బిడ్డ బాగా వెనకబడేదాకా, ఆగాల్సి వచ్చేది. అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించి 2004లో సవరించిన ఐడియా చట్టం ఆ తేడాను తప్పనిసరి షరతుగా పెట్టకూడదని రాష్ట్రాలకు చెప్పింది. డీఎస్ఎం-5 కూడా దాన్ని వదిలేసి, తగిన సాయం అందించినా కనీసం 6 నెలల పాటు ఇబ్బంది కొనసాగడాన్ని ప్రమాణంగా తీసుకుంది. దీనివల్ల పరీక్ష ఒకరోజు తంతుగా కాకుండా నేర్పి చూడటంతో కలిసిన పనిగా మారింది. పిల్లల వైపు నుంచి చూస్తే ఇది సరైన మార్పు.

## ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట

తల్లి నింపిన ఫారంలో సమస్య కొండంత, టీచర్ నింపిన ఫారంలో ఏమీ లేదు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం సులువు. 1987లో సైకాలజిస్ట్ థామస్ ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ తేడా మినహాయింపు కాదనీ, మామూలు సంగతేననీ తేలింది. తల్లి, తండ్రి లాంటి ఒకే రకం పాత్రలో ఉన్నవాళ్ల మాటల మధ్య పొంతన సగటున 0.60 ఉంది. పూర్తిగా ఏకీభవిస్తే అది 1 అవుతుంది. తల్లిదండ్రులు, టీచర్ల లాంటి వేర్వేరు పాత్రల వాళ్ల మధ్య 0.28కి పడిపోయింది. పిల్లలు తమ గురించి తాము చెప్పేదానికీ పెద్దలు చెప్పేదానికీ మధ్య ఇంకా తక్కువ, 0.22.

ఈ తేడాను తప్పుగా కొట్టేయకుండా సమాచారంగా చదవాలి. బడిలో మాత్రమే కనబడే ఇబ్బందికి చదువు కష్టమో, తోటి పిల్లల వేధింపో కారణం కావచ్చు. ఇంట్లో మాత్రమే కనబడితే రోజంతా బిగబట్టుకున్న అలసట కావచ్చు, ఇంటి వాతావరణం కావచ్చు. దిగులు, భయం లాంటి లోపలి బాధల విషయంలో బిడ్డ మాటే ముఖ్యం, ఎందుకంటే అవి బయటివాళ్లకు సరిగా కనబడవు. పదేళ్ల బిడ్డను ఒక్క ప్రశ్నా అడగకుండా పెద్దవాళ్ల ఫారాలతోనే ముగించిన మదింపు అసంపూర్ణమే.

## భాష, పుట్టిన నెల, ఆ రోజు పరిస్థితి

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న బిడ్డకు మూడో భాషలో తయారైన పరీక్ష పెడితే అది తెలివిని కొలిచిందా, భాషను కొలిచిందా? అక్కడికక్కడే అనువదించి అడిగితే సమస్య తీరదు. ఒక భాషలో తేలికైన మాట ఇంకో భాషలో కష్టమైనది కావచ్చు, అప్పుడు పోలిక పట్టిక చెల్లదు. రేవెన్ బొమ్మల పరీక్ష లాంటి మాటలు లేని పరీక్షలు కొంతవరకు ఆదుకుంటాయి. అయినా బొమ్మల పజిళ్లు, టైము పెట్టి చేసే పనులు అలవాటున్న పిల్లలకూ లేని పిల్లలకూ మధ్య తేడా అక్కడా ఉంటుంది. మంచి రిపోర్టులో ఏ భాషలో పరీక్షించారో, ఆ పరిమితి వల్ల ఏ స్కోరును తేలికగా తీసుకోవాలో రాసి ఉంటుంది.

పుట్టిన నెల ప్రభావం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వెలువడింది. అక్కడ బడిలో చేరడానికి గడువు డిసెంబర్ 31. జనవరిలో పుట్టినవాళ్లతో పోలిస్తే, తరగతిలో అందరికంటే చిన్నవాళ్లైన డిసెంబర్ పిల్లల్లో ఏడీహెచ్‌డీ నిర్ధారణ మగపిల్లలకు 30 శాతం, ఆడపిల్లలకు 70 శాతం ఎక్కువగా జరిగింది. దాదాపు ఏడాది చిన్న బిడ్డ సహజంగా ఉండే తీరును తోటివాళ్లతో పోల్చి జబ్బుగా చదివిన సందర్భాలు వీటిలో ఉన్నాయనుకోవాలి. అమెరికా, ఐస్‌లాండ్, తైవాన్‌లలోనూ ఇలాంటి ధోరణే కనబడింది. డెన్మార్క్‌లో మాత్రం ఈ తేడా పెద్దగా లేదు. అక్కడ ఇంకా సిద్ధంగా లేని పిల్లలను ఏడాది ఆగి చేర్పించడం మామూలు కావడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

వయసు ఇంకో రకంగానూ పనిచేస్తుంది. 1932లో స్కాట్లండ్‌లో 11 ఏళ్ల పిల్లల్లో దాదాపు అందరికీ ఒకే పరీక్ష పెట్టారు. వాళ్లలో కొందరికి 70 ఏళ్లు దాటాక అదే పరీక్ష మళ్లీ పెడితే స్కోర్ల మధ్య గట్టి సంబంధం కనబడింది. పసితనపు ఎదుగుదల పరీక్షల స్కోర్లకు అంత నిలకడ ఉండదు. రెండు మూడేళ్ల బిడ్డకు వచ్చిన అంకెను జీవితకాలపు జాతకంలా చదవకూడదు. ఆ వయసులో పరీక్ష ఉపయోగం, ఇప్పుడు ఏ సాయం మొదలుపెట్టాలో తెలుసుకోవడం వరకే.

## దూరంగా ఉంచాల్సినవి

వేలిముద్రలు చూసి బిడ్డ తెలివితేటలు, సరిపడే కోర్సు చెబుతామనే పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు. బిడ్డ గీసిన ఇల్లు, చెట్టు బొమ్మలు మాటలు కలపడానికి మంచి దారి. వాటిలోని ఒక గీతనో రంగునో చూసి జబ్బు నిర్ధారించడానికి మాత్రం తగిన రుజువు లేదు. ఒక్క గంటలో అన్నీ తేల్చి, చరిత్ర అడక్కుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం.

## రిపోర్టు చేతికి వచ్చాక

అసలు పని ఇక్కడే మొదలవుతుంది, సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది కూడా. ఫలితాలు వివరించే సమావేశం లేకుండా రిపోర్టు మాత్రమే పంపితే, కుటుంబానికి దక్కేది ఒక పేరు, బోలెడు భయం. సైకాలజిస్ట్ స్టీఫెన్ ఫిన్ లాంటి వాళ్లు అభివృద్ధి చేసిన సహకార పద్ధతిలో మొదట కుటుంబం తన ప్రశ్నలను తానే రాసుకుంటుంది. "మా అమ్మాయికి లెక్కలంటే ఎందుకంత భయం?", "ఉదయం బడికి బయలుదేరే ముందే ఎందుకు గొడవ పడతాడు?" లాంటివి. చివర్లో ఒక్కో ప్రశ్నకు టెస్టులు ఏం జవాబు చెప్పాయో కలిసి మాట్లాడతారు. ఫలితాలను ఇలా తమకు తగ్గట్టు వివరించడం వల్లనే చాలామందికి ఊరట, మార్పు కలుగుతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి.

కాబట్టి ఆ సమావేశంలో కొన్ని విషయాలు అడిగి తీరాలి. ఈ నిర్ణయానికి ఏయే ఆధారాలు కలిశాయి, ఏవి కలవలేదు? వేరే ఏ కారణాలను ఆలోచించి పక్కన పెట్టారు? బిడ్డ బలాలు ఏమిటి? వచ్చే నెలలో ఇంట్లో, బడిలో చేయాల్సిన మొదటి మార్పు ఏది? సిఫార్సులు "శ్రద్ధ పెంచండి" లాంటి గాలి మాటలుగా ఉంటే, బిడ్డ పేరు మార్చినా రిపోర్టు మారదు. "రాత పనికి అదనపు టైము ఇవ్వండి, సూచనలు ఒక్కోసారి ఒక్కటే చెప్పండి" అన్న వాక్యం టీచర్‌కు వెంటనే ఉపయోగపడుతుంది.

బిడ్డకు కూడా తన వయసుకు తగ్గట్టు చెప్పాలి. చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, తమకు తామే ఒక కారణం కల్పించుకుంటారు. అది ఎక్కువసార్లు "నేను మొద్దును" అన్నదే అవుతుంది. నిర్ధారణ అన్న పేరుకు రెండు వైపులా ఫలితాలున్నాయి. అది సాయానికి తలుపు తెరవగలదు, బిడ్డ సోమరి కాదని అందరికీ తెలియజేయగలదు. పెద్దవాళ్ల అంచనాలను తగ్గించి, బిడ్డ చేయగలిగినదాన్ని కూడా చేయనివ్వకుండా ఆపగలదు. రెండోది జరగకుండా ఉండాలంటే పేరుతో పాటు బలాలూ రాసి ఉండాలి, సాయం ఏమిటో తేదీలతో సహా రాసి ఉండాలి.

## నిర్ధారణ రాకపోతే

కొందరు పిల్లల రిపోర్టు "ప్రమాణాలు పూర్తిగా సరిపోలేదు" అని ముగుస్తుంది. కుటుంబానికి ఇది చెంపదెబ్బలా తగలవచ్చు, ఇన్నాళ్ల కష్టం ఊహేనా అనిపించవచ్చు. గీతకు కాస్త కింద ఉన్న ఇబ్బంది కూడా ఇబ్బందే. ఏడీహెచ్‌డీకి 6 లక్షణాలు కావాల్సి ఉండగా 5 ఉన్న బిడ్డ ఉదయం బడికి తయారవడం, 6 ఉన్న బిడ్డ తయారవడం కంటే అంత తేలికేమీ కాదు. చదవడంలో అదనపు సాధన, మాట ఆలస్యమైతే స్పీచ్ థెరపీ, ప్రవర్తన విషయంలో తల్లిదండ్రులకు శిక్షణ లాంటివి మొదలుపెట్టడానికి నిర్ధారణ పేరు వచ్చేదాకా ఆగాల్సిన వైద్యపరమైన కారణం లేదు. ఆగాల్సి వస్తే అది సాధారణంగా నిబంధనల వల్లే.

ఇలాంటప్పుడు అడగాల్సింది రెండో పరీక్ష ఎప్పుడు అని. వెంటనే అదే పరీక్ష మళ్లీ పెడితే ప్రశ్నలు అలవాటై స్కోరు పెరుగుతుంది, ఫలితం నమ్మదగినదిగా ఉండదు. అందుకే ఐక్యూ పరీక్షలకు సాధారణంగా ఏడాది, రెండేళ్ల వ్యవధి ఇస్తారు. ఈలోగా బిడ్డకు ఏ సాయం అందించారు, దేనికి ఎలా స్పందించింది అన్న నోట్సును ఇంట్లో, బడిలో తేదీలతో రాసి పెట్టుకుంటే, రెండోసారి మదింపు చేసే వ్యక్తికి మొదటిసారి లేని ఆధారం దొరుకుతుంది.